డిస్నీ వరల్డ్ డైనింగ్ ప్లాన్ కొంటే డబ్బు మిగులుతుందా? బుక్ చేసేముందు వేసుకోవలసిన లెక్క

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో రిసార్ట్ హోటల్ బుక్ చేసుకునే ప్రతి కుటుంబమూ గది, పార్కు టికెట్లు తేలిపోయాక డైనింగ్ ప్లాన్ దగ్గర ఆగుతుంది. అక్కడ ఉన్నన్ని రోజులకూ భోజనాల డబ్బు ముందే గంపగుత్తగా కట్టేస్తే, వెళ్ళాక పూటపూటకూ జేబు తడుముకోవలసిన అవసరం ఉండదన్నది ఆ ప్లాన్ చెప్పే మాట. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. అయితే నిశ్చింతగా తినడం వేరు, చవకగా తినడం వేరు. ఈ రెండింటినీ కలిపి చూడడం వల్లనే చాలామంది ప్లాన్ కొని, తిరిగి వచ్చాక నిజంగా మిగిలిందో లేదో చెప్పలేకపోతారు. మద్యం ముట్టని, శాకాహారం తినే, పళ్ళెంలో ఉన్నది పంచుకునే అలవాటున్న కుటుంబానికి ఈ ప్లాన్ దాదాపుగా నష్టమేనని నా అభిప్రాయం. బొమ్మల వేషధారులు బల్లల దగ్గరకు వచ్చి పలకరించే ‘క్యారెక్టర్ విందు’లకు ఎలాగూ వెళ్ళాలనుకున్న, చిన్నపిల్లలున్న కుటుంబానికి మాత్రం వంద, రెండు వందల డాలర్లు మిగిలే అవకాశం ఉంది. మీది ఏ కోవకు చెందిన కుటుంబమో ఒక సాయంత్రం కాగితం, కలం దగ్గర పెట్టుకుని కూర్చుంటే తేలిపోతుంది.

ప్లాన్‌లో ఏమేమి వస్తాయి

ఇప్పుడున్న తరహా డైనింగ్ ప్లాన్ 2005లో మొదలైంది. 2020లో కోవిడ్ కారణంగా పార్కులు మూతపడినప్పుడు ఆగిపోయి, 2024 జనవరి 9 నుంచి మళ్ళీ అందుబాటులోకి వచ్చింది. ఇందులో రెండు రకాలున్నాయి. మొదటిది క్విక్ సర్వీస్ ప్లాన్. దీనిలో మనిషికి, బస చేసే ఒక్కో రాత్రికి, కౌంటరు దగ్గర తెచ్చుకుని తినే భోజనాలు రెండు, స్నాక్ ఒకటి వస్తాయి. రెండోది పేరులో ఏ విశేషణమూ లేని డిస్నీ డైనింగ్ ప్లాన్. దీనిలో కౌంటరు భోజనం ఒకటి, బల్ల దగ్గర కూర్చుంటే వడ్డించే టేబుల్ సర్వీస్ భోజనం ఒకటి, స్నాక్ ఒకటి వస్తాయి. రెండింటిలోనూ మనిషికో రీఫిల్ మగ్గు ఇస్తారు. ఈ మగ్గు రాత్రికొకటి కాదు, బస మొత్తానికి ఒక్కటే. దానిని హోటళ్ళలోని డ్రింకుల యంత్రాల దగ్గర మాత్రమే నింపుకోవాలి, పార్కుల్లో అది పనికిరాదు.

2024లో ప్లాన్ తిరిగి వచ్చినప్పుడు క్విక్ సర్వీస్ ధర రాత్రికి పెద్దలకు 57.01 డాలర్లు, 3 నుంచి 9 ఏళ్ళ పిల్లలకు 23.83 డాలర్లు. టేబుల్ సర్వీస్ ఉన్న ప్లాన్ పెద్దలకు 94.28, పిల్లలకు 29.69. ధరలు మారుతుంటాయి కనుక ఈ వ్యాసంలోని లెక్కలన్నీ 2024 అంకెలతో వేసినవని గుర్తుంచుకుని, మీ బుకింగులో కనిపించే అంకెలను వీటి స్థానంలో పెట్టుకోండి. పద్ధతి మాత్రం మారదు.

ఇక్కడే గమనించవలసిన సంగతి ఒకటుంది. ప్లాన్ ఇచ్చేది రోజుకు రెండు పూటల భోజనం, ఒక చిరుతిండి. మూడో పూట మీదే. 4 రాత్రులు బస చేస్తే పార్కుల్లో గడిపేది సాధారణంగా 5 పగళ్ళు, వచ్చే క్రెడిట్లు (ఒక్కో భోజనానికో, స్నాక్‌కో డబ్బు బదులు చెల్లే కూపన్ల వంటివి) మాత్రం 4 రాత్రులవే. ‘భోజనం ఖర్చంతా కట్టేశాం’ అనుకుని బయలుదేరినవారికి ఉదయపు ఫలహారాలు, మంచినీళ్ళ సీసాలు, టేబుల్ సర్వీస్ టిప్పులు కలిసి తడిసి మోపెడవుతాయి.

కొనడానికి ఉన్న షరతులు కూడా కఠినమైనవే. ప్లాన్‌ను డిస్నీ రిసార్ట్ హోటల్ గదితో కూడిన ప్యాకేజీలో భాగంగా కొనాలి. బయటి హోటల్లో దిగినవారికి అది దొరకదు. గదిలో ఉండే 3 ఏళ్ళు పైబడిన ప్రతి ఒక్కరికీ, ఉన్నన్ని రాత్రులకూ, ఒకే రకం ప్లాన్ తీసుకోవాలి. బాగా తినే నాన్నకు ఒకటి కొని, ఒక్క పూట మాత్రమే తినే అమ్మమ్మకు మానేస్తామంటే కుదరదు. 10 ఏళ్ళు నిండిన పిల్లలకు పెద్దల ధరే పడుతుంది. నా లెక్కలో ఈ ప్లాన్‌లోని పెద్ద చిక్కు ఈ పదో ఏడే. పదకొండేళ్ళ పిల్ల సగం పళ్ళెం తిని లేచిపోయినా, రాత్రికి 57 డాలర్లు కట్టవలసిందే. 3 ఏళ్ళ లోపు పసివారికి ప్లాన్ అక్కరలేదు. వారు పెద్దల పళ్ళెంలోంచి తినవచ్చు, బఫేల్లో వారికి రుసుము ఉండదు.

దేనితో పోల్చాలి

ప్లాన్ వల్ల లాభం వచ్చిందని చెప్పేవారు సాధారణంగా వేసే లెక్క ఇలా ఉంటుంది: ప్లాన్ మీద తిన్నవాటి మెనూ ధరలన్నీ కూడితే 1,100 డాలర్లయింది, మేము కట్టింది 870, కనుక 230 మిగిలింది. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ప్లాన్ చేతిలో ఉన్న మనిషి మెనూ చదివే తీరే మారిపోతుంది. ధర ఎలాగూ కట్టేశాం కదా అని అన్నిటికన్నా ఖరీదైన మాంసం ముక్క, అడగకపోయినా వచ్చే డెజర్టు, దాహం లేకపోయినా కాక్‌టెయిల్ తీసుకుంటాడు. జేబులోంచి తీసి ఇవ్వవలసి వస్తే వాటిలో సగం అడిగి ఉండేవాడు కాదు. అందువల్ల పోల్చవలసింది ప్లాన్ మీద తిన్న తిండి ధరతో కాదు, ప్లాన్ లేకుండా మీరు మామూలుగా తినబోయే తిండి ధరతో. ఈ గైడులో మిగిలినదంతా ఈ ఒక్క పోలికను నిజాయితీగా ఎలా వేసుకోవాలో చెప్పడానికే.

పని మొదలుపెట్టడం కష్టమేమీ కాదు. డిస్నీ వెబ్‌సైటులోనూ, మై డిస్నీ ఎక్స్‌పీరియన్స్ యాప్‌లోనూ రెస్టారెంట్ల మెనూలు ధరలతో సహా ఉంటాయి. ఏ రోజు ఏ పార్కుకు వెళ్ళాలనుకుంటున్నారో ముందు రాసుకుని, ఆ పార్కులో మధ్యాహ్నం, రాత్రి తినగల చోట్లు ఒకటి రెండు ఎంచుకోండి. ఇంట్లోవాళ్ళను ఒక్కొక్కరినీ అడిగి, ఎవరు ఏమి తింటారో వారి నోటితోనే చెప్పించండి. ‘నాకు నీళ్ళు చాలు’ అన్నవారి పేరు ఎదుట కూల్‌డ్రింకు రాయవద్దు. కూల్‌డ్రింకులు పోసే కౌంటర్లలో అడిగితే ఐసు నీళ్ళ కప్పు ఉచితంగానే ఇస్తారు. వచ్చిన మొత్తానికి, ఈ పార్కులున్న ఆరెంజ్ కౌంటీ అమ్మకపు పన్ను 6.5 శాతం కలపండి. ప్లాన్ ధరలో పన్ను ముందే కలిసి ఉంటుంది, మెనూ ధరలో ఉండదు. పన్ను కలపకుండా పోలిస్తే ప్లాన్‌కు అన్యాయం చేసినట్టవుతుంది.

టిప్పును ఈ పోలికలోకి తేనక్కరలేదు, ఎందుకంటే రెండు దారుల్లోనూ టేబుల్ సర్వీసుకు దానిని విడిగా ఇవ్వవలసిందే. అయితే బడ్జెట్‌లో మాత్రం దానికి చోటు ఉంచండి. ప్లాన్‌లో టిప్పు కలిసి లేదన్న సంగతి బిల్లు చేతికి వచ్చేదాకా చాలామందికి తెలియదు. ఆరుగురు, అంతకన్నా ఎక్కువమంది కలిసి కూర్చుంటే 18 శాతం టిప్పును బిల్లులోనే వేస్తారు.

రెండు కుటుంబాలు, రెండు లెక్కలు

మొదటి కుటుంబంలో భార్యాభర్తలు, 11 ఏళ్ళ కూతురు, 6 ఏళ్ళ కొడుకు ఉన్నారనుకుందాం. బస 4 రాత్రులు. క్విక్ సర్వీస్ ప్లాన్ కొంటే పెద్దల ధరలు మూడు, పిల్లవాడి ధర ఒకటి కలిపి రాత్రికి 194.86 డాలర్లు, 4 రాత్రులకు 779.44. కూతురు పెద్దల లెక్కలోకి వచ్చిందని గమనించండి.

ప్లాన్ లేకపోతే వాళ్ళు ఎలా తింటారు? పొద్దున గదిలోనే పాలు, సీరియల్, అరటిపళ్ళు. ఇది ప్లాన్ ఉన్నా లేకపోయినా ఉండే ఖర్చు కనుక పక్కన పెట్టవచ్చు. మధ్యాహ్నం కౌంటరులో ముగ్గురికి తలా 14 డాలర్ల పళ్ళెం, పిల్లవాడికి డ్రింకుతో కలిపి 8.50 డాలర్ల పిల్లల భోజనం, కూతురికి 5 డాలర్ల కూల్‌డ్రింకు, పెద్దలకు నీళ్ళు: మొత్తం 55.50. రాత్రికీ అంతే. రోజుకు మూడు స్నాకులు, ఒక్కోటి 6.50 చొప్పున 19.50. కలిపితే 130.50, పన్నుతో దాదాపు 139 డాలర్లు, 4 రోజులకు 556. ప్లాన్ ఈ కుటుంబానికి 223 డాలర్ల అదనపు ఖర్చు. మగ్గుల విలువ కలిపినా ఈ తేడా పూడదు, పైగా పెద్దలు నీళ్ళు తాగేవారే అయినప్పుడు మగ్గుకు విలువ కట్టడమే తప్పు. ఇక్కడ వేసినవి ఊహించుకున్న ధరలే అయినా మెనూల్లో కనిపించే స్థాయికి దగ్గరవి. ఒక డాలరు అటూ ఇటూ అయినా ఫలితం తారుమారు కాదు.

రెండో కుటుంబంలో ఇద్దరు పెద్దలు, 6 ఏళ్ళ పాప. పాప మిక్కీతో ఫోటో దిగాలి, రాకుమార్తెలను చూడాలి అంటుంది. అందుకని 4 రాత్రుల్లో 3 సార్లు క్యారెక్టర్ విందు అనుకున్నారు. పెద్దలకు భోజనంతోపాటు బీరో, కాక్‌టెయిలో అలవాటు. వీరికి టేబుల్ సర్వీస్ ఉన్న ప్లాన్ రాత్రికి 218.25, మొత్తం 873 డాలర్లు. అదే తిండిని మెనూ ధరకు కొంటే ఎంతవుతుందో చూద్దాం. క్యారెక్టర్ విందు పెద్దలకు 66, పాపకు 42 అనుకుంటే ఒక పూటకు 174, మూడు పూటలకు 522. నాలుగో రాత్రి మామూలు రెస్టారెంటులో పెద్దలకు 32 డాలర్ల పళ్ళెం, 11 డాలర్ల డెజర్టు, 15 డాలర్ల కాక్‌టెయిల్, పాపకు 15 డాలర్ల భోజనం: 131. నాలుగు మధ్యాహ్నాలు కౌంటరులో పెద్దలకు 15 డాలర్ల పళ్ళెం, 10.50 డాలర్ల బీరు, పాపకు 8.50: మొత్తం 238. స్నాకులకు 78. అన్నీ కలిపితే 969, పన్నుతో 1,032. ప్లాన్ వల్ల మిగిలింది 159 డాలర్లు. మగ్గులను కాఫీకి వాడుకుంటే ఇంకాస్త ఎక్కువ. అయితే టేబుల్ సర్వీస్ పూటలకు 18 శాతం చొప్పున టిప్పులే దాదాపు 118 డాలర్లవుతాయి. ప్లాన్ ఉన్నా లేకపోయినా ఆ డబ్బు వేరే తీసి ఉంచుకోవాలి.

ఈ రెండు లెక్కల్లో ఫలితాన్ని తిప్పినవి మూడే: పిల్లల వయసు, మద్యం, క్యారెక్టర్ విందులు. ఒక్కో పూటతో 21 ఏళ్ళు నిండినవారికి ఒక డ్రింకు వస్తుంది. అది బీరు, వైను, కాక్‌టెయిల్ ఏదైనా కావచ్చు. మద్యం తీసుకోని వారికి ఆ స్థానంలో వచ్చేది 5 డాలర్ల కూల్‌డ్రింకు, లేదా మిల్క్‌షేక్ దొరికే చోట దానికన్నా కాస్త విలువైనది. రోజుకు రెండు పూటల్లో ఈ తేడా మనిషికి 10 డాలర్లు దాటుతుంది. ప్లాన్‌లో మిగిలే సొమ్ములో అధిక భాగం అదే. చిన్నపిల్లల ధరలో మాత్రం లాభం స్పష్టంగా కనిపిస్తుంది: 29.69కి క్యారెక్టర్ విందుతోపాటు మరో భోజనం, స్నాక్ రావడమంటే ఒక్క విందు ధరకన్నా తక్కువకే మిగిలినవన్నీ వచ్చినట్టు.

శాకాహారులకు ప్రత్యేకంగా

2019 నుంచి డిస్నీ వరల్డ్ తన రెస్టారెంట్లలో మాంసం, పాలు, గుడ్లు లేని వంటకాలను ఆకు గుర్తుతో సూచిస్తూ మెనూల్లో చేర్చింది కనుక శాకాహారులు పస్తులుండే పరిస్థితి లేదు. చిక్కు దొరకకపోవడంలో కాదు, ధరలో ఉంది. క్రెడిట్ అనేది ధరను పట్టించుకోదు. ఖరీదైన పళ్ళానికైనా, చవకైన పళ్ళానికైనా అది ఒకటే. యానిమల్ కింగ్‌డమ్ పార్కులోని పండోరా ప్రాంతంలో ఉన్న సతూలి కాంటీన్‌లో గొడ్డుమాంసం బౌల్‌కూ, వేయించిన టోఫూ బౌల్‌కూ క్రెడిట్ ఒకటే. మెనూలో మాత్రం టోఫూ బౌల్ ధర కొన్ని డాలర్లు తక్కువ. ప్రతి పూటా తక్కువ ధర వరుసలోనే ఆగిపోయే మనిషి, మాంసం తినేవాడి అలవాట్లను లెక్కలో పెట్టుకుని వేసిన సగటు ధరను కడుతున్నాడన్నమాట.

యానిమల్ కింగ్‌డమ్ లాడ్జి హోటల్లోని సనా రెస్టారెంటు ఇంకో మంచి ఉదాహరణ. కిటికీల అవతల జిరాఫీలు, జీబ్రాలు తిరుగుతుంటే మన రుచులకు దగ్గరైన తిండి దొరికే చోటు అది. అక్కడ పేరుపడింది బ్రెడ్ సర్వీస్: నాన్ వంటి రొట్టెలు, వాటి పక్కన చిన్న గిన్నెల్లో దోసకాయ రైతా, మామిడి చట్నీ, చింతపండు చట్నీ, కొత్తిమీర చట్నీ, వెల్లుల్లి పచ్చడి. ముగ్గురు నలుగురు శాకాహారులు అవి ఒకటి రెండు తెప్పించుకుని, ఇంకొక్క కూర చెబితే రాత్రి భోజనం అయిపోయినట్టే, బిల్లు కూడా ఒద్దికగానే ఉంటుంది. ప్లాన్‌లో అలా తినడం కుదరదు. టేబుల్ సర్వీస్ క్రెడిట్‌తో వచ్చేవి ప్రధాన వంటకం, డెజర్టు, డ్రింకు. బ్రెడ్ సర్వీస్ స్టార్టర్ల వరుసలో ఉండేది కనుక దానికి విడిగా డబ్బు కట్టాలి. పంచుకుని తినే అలవాటును ఈ ప్లాన్ ఎక్కడా లెక్కలోకి తీసుకోలేదు.

క్విక్ సర్వీసా, టేబుల్ సర్వీసా

రెండు ప్లాన్ల మధ్య ఎంపికకు ఒక దగ్గరి దారి ఉంది. రెండింటిలోనూ ఒక కౌంటరు భోజనం, ఒక స్నాక్, మగ్గు సమానం. తేడా అంతా రెండో కౌంటరు భోజనం స్థానంలో టేబుల్ సర్వీస్ రావడమే. పెద్దలకు ధరలో తేడా 37.27 డాలర్లు. దానికి వదులుకున్న కౌంటరు భోజనం విలువ, కూల్‌డ్రింకు, పన్ను కలిపి 21 డాలర్లనుకుంటే, ఒక్కో టేబుల్ సర్వీస్ పూటకు మీరు పెడుతున్నది సుమారు 58 డాలర్లు. బల్ల దగ్గర మీరు మామూలుగా తినే తిండి పన్నుతో కలిపి 58 డాలర్లు దాటకపోతే పెద్ద ప్లాన్ జోలికి పోనక్కరలేదు. మామూలు రెస్టారెంటులో 30 డాలర్ల పళ్ళెం, డెజర్టు, కూల్‌డ్రింకు కలిపినా 49 డాలర్ల దగ్గర ఆగుతుంది. క్యారెక్టర్ బఫే రాత్రి భోజనం సులువుగా దాటుతుంది.

సింద్రెల్లా కోటలో ఉన్న రాయల్ టేబుల్, కంటెంపరరీ హోటల్ పైఅంతస్తులోని కాలిఫోర్నియా గ్రిల్ వంటివి ఒక పూటకు రెండు టేబుల్ సర్వీస్ క్రెడిట్లు తీసుకుంటాయి. పై లెక్క ప్రకారం వాటికి మీరు తలకు దాదాపు 117 డాలర్లు పెడుతున్నట్టు. మెనూలో తలసరి ధర దానికన్నా తక్కువగా ఉంటే ఆ ఒక్క పూటకు చేతి డబ్బు కట్టి, క్రెడిట్లను మరో రెండు విందులకు దాచుకోవడం మేలు. చెఫ్ మిక్కీస్ వంటి క్యారెక్టర్ బఫేలకు ఒక్క క్రెడిట్టే. అక్కడ ఉదయపు ఫలహారానికన్నా రాత్రి భోజనం ధర ఎక్కువ, క్రెడిట్ మాత్రం అదే ఒకటి, కనుక పొద్దున వెళ్ళి విలువ పోగొట్టుకోవద్దు.

ఉచితమని చెప్పినప్పుడు

కొన్ని సీజన్లలో ‘ఫ్రీ డైనింగ్’ పేరుతో ప్లాన్‌ను ప్యాకేజీలో ఉచితంగా కలుపుతారు. 2026లో వచ్చేవారికి పెద్దలు ప్లాన్ కొంటే 3–9 ఏళ్ళ పిల్లలకు ప్లాన్ ఉచితమన్న ఆఫర్ కూడా ప్రకటించారు. ఇలాంటివి కనిపించగానే షరతులు పూర్తిగా చదవాలి. ఫ్రీ డైనింగ్ తీసుకునేవారు సాధారణంగా గదికి పూర్తి ధర కట్టాలి, అదే తేదీలకు వేరుగా నడిచే గది తగ్గింపును వదులుకోవాలి. గది పూర్తి ధర రాత్రికి 400 డాలర్లనుకోండి. 25 శాతం తగ్గింపు వదులుకుంటే పోయేది రాత్రికి 100. ఇద్దరు పెద్దలున్న గదిలో క్విక్ సర్వీస్ ప్లాన్ విలువ 114. మీరు నిజంగా తినబోయే తిండి రాత్రికి 100 డాలర్ల విలువ చేయకపోతే ‘ఉచిత’ ప్లాన్ కన్నా తగ్గింపు గదే చవక. అదే గదిలో నలుగురైదుగురు ఉంటే లెక్క తిరగబడుతుంది. గది తగ్గింపు గదికే వస్తుంది, భోజనం మాత్రం తలకొకటి వస్తుంది. నిజానికి ఈ ప్లాన్ వల్ల బాగా లాభపడేవారు చవక గదిలో ఎక్కువమంది దిగి, ఇలాంటి ఆఫర్ మీద వెళ్ళేవారే. పిల్లల ప్లాన్ ఉచితమైనప్పుడు కూడా పెద్దలిద్దరి ప్లాన్ల మీద వచ్చే నష్టం, పిల్లల మీద మిగిలే దానికన్నా ఎక్కువా తక్కువా అన్నది చూసుకోవాలి.

కొన్నాక

లెక్క తేలి ప్లాన్ కొన్నవారు చేయవలసిన మొదటి పని టేబుల్ రిజర్వేషన్లు. ప్లాన్ ఉన్నంత మాత్రాన బల్ల దొరుకుతుందన్న భరోసా లేదు. రిజర్వేషన్లు 60 రోజుల ముందు తెరుచుకుంటాయి. డిస్నీ హోటల్లో దిగేవారు వచ్చే తేదీకి 60 రోజుల ముందే, బసలోని 10 రోజుల వరకు అన్ని పూటలకూ ఒకేసారి బుక్ చేసుకోవచ్చు. ఆ రోజు ఉదయం తూర్పు తీరపు కాలమానంలో 6 గంటలకే కూర్చోవాలి. జనం ఎగబడే క్యారెక్టర్ విందులు మధ్యాహ్నానికి మిగలకపోవచ్చు. అవి దొరకకపోతే టేబుల్ సర్వీస్ ప్లాన్ కొనడానికున్న కారణమే పోతుంది. వెళ్ళలేకపోతే కనీసం 2 గంటల ముందు రద్దు చేయండి, లేకపోతే సాధారణంగా తలకు 10 డాలర్లు వేస్తారు.

క్రెడిట్లన్నీ ఒకే బుకింగు కింద కలిసి ఉంటాయి, ఏ రోజు ఎన్ని వాడాలన్న నియమం లేదు. ఒక రోజు మూడు పూటలు తిని మరో రోజు ఒక్క పూటే తినవచ్చు. హోటల్లో చెక్‌ఇన్ అయినప్పటి నుంచి ఖాళీ చేసే రోజు అర్ధరాత్రి వరకు చెల్లుతాయి. ఆ తర్వాత మిగిలినవాటికి ఒక్క సెంటు కూడా తిరిగి రాదు. ప్రతి రసీదు అడుగున ఎన్ని క్రెడిట్లు మిగిలాయో ఉంటుంది, దానిని చెత్తబుట్టలో వేయకుండా ఒకసారి చూడండి. చివరి రోజు సాయంత్రం చాలా కుటుంబాలు మిగిలిన స్నాక్ క్రెడిట్లన్నీ పోగేసి, విమానంలో తినడానికి బిస్కట్లు, చాక్లెట్లు మూటగట్టుకోవడం కనిపిస్తుంది. మురిగిపోయేకన్నా అది నయమే, కానీ అలా చేయవలసి వచ్చిందంటే అవసరానికి మించి కొన్నామన్నమాట. స్నాక్ క్రెడిట్‌తో నీళ్ళ సీసా తీసుకోవడం అన్నిటికన్నా పెద్ద వృథా. డోల్ విప్ అనే అనాస ఐస్‌క్రీమ్, మిక్కీ ఐస్‌క్రీమ్ బార్ వంటి ధర ఎక్కువున్నవాటికే దానిని వాడండి. కౌంటరు భోజనాన్ని ఉదయపు ఫలహారానికి వాడవద్దు. పొద్దుటి పళ్ళేలు చవక, క్రెడిట్ ఖరీదు మారదు.

కొనకుండా అదే నిశ్చింత

ప్లాన్ కోరుకునేవారిలో చాలామందికి కావలసింది పొదుపు కన్నా, అక్కడికి వెళ్ళాక డబ్బు గురించి ఇంట్లో వాదనలు లేకుండా ఉండడం. అది వేరే దారిలోనూ దొరుకుతుంది. కాగితం మీద తేలిన మొత్తానికి, దానిపై పదో పదిహేనో శాతం ఎక్కువకు డిస్నీ గిఫ్ట్ కార్డులు కొని, తిండి ఖర్చంతా వాటితోనే చేయవచ్చు. డబ్బు ముందే కట్టేశామన్న తృప్తి అలాగే ఉంటుంది. ఆ కార్డులకు గడువు లేదు కనుక మిగిలింది మరోసారికి పనికివస్తుంది. కొన్ని పెద్ద దుకాణాల్లో ఈ కార్డుల మీద చిన్న తగ్గింపు కూడా దొరుకుతుంది. డిస్నీ వరల్డ్ పార్కుల్లోకి బయటి తిండి తీసుకువెళ్ళనిస్తారు, గాజు సీసాలు, మద్యం మాత్రం కుదరవు. పులిహోర డబ్బా ఒకటి సంచిలో ఉంటే ఒక పూట గడిచిపోతుంది, బామ్మగారికి నోటికి రుచించే తిండి దొరుకుతుంది. పక్కనున్న యూనివర్సల్ ఆర్లాండోలో ఈ నియమం బిగువు: వేడి చేయనక్కరలేని చిన్న తినుబండారాలు, నీళ్ళు, ఆరోగ్య అవసరాల తిండి వరకే లోపలికి అనుమతి.

వేరే రిసార్టుల్లోనూ ఇదే లెక్క పనిచేస్తుంది, కాకపోతే అక్కడి ప్లాన్ ఏయే పూటలకో ముందు చూడాలి. డిస్నీలాండ్ పారిస్‌లో హాఫ్ బోర్డ్ అంటే ఉదయపు ఫలహారం, మరొక పూట భోజనం. ఫుల్ బోర్డ్ అంటే మూడు పూటలూ. పిల్లల ధర అక్కడ 11 ఏళ్ళ వరకు వర్తిస్తుంది కనుక పైన చెప్పిన పదకొండేళ్ళ కూతురు అక్కడ ఇంకా చిన్నపిల్లే. సీవరల్డ్‌లో ఉన్నటువంటి రోజంతా తినే పాసులు ఒక్క రోజుకే, ఎవరికి కావాలంటే వారికి కొనుక్కునేవి. పార్కులో రెండు పూటలు కడుపునిండా తినేవారికి అవి గిట్టుబాటవుతాయి.

డిస్నీ వరల్డ్ ప్యాకేజీకి మిగిలిన డబ్బు సాధారణంగా వచ్చే తేదీకి 30 రోజుల ముందు కట్టాలి. రిజర్వేషన్లు తెరుచుకునేది 60 రోజుల ముందు. ఈ రెండింటి మధ్య ఉన్న నెల రోజులే నిర్ణయానికి సరైన వ్యవధి: కోరుకున్న క్యారెక్టర్ విందులు దొరికాయో లేదో అప్పటికి తేలిపోతుంది, దొరికినవాటి అసలు ధరలతో లెక్క మళ్ళీ వేసుకోవచ్చు, ప్లాన్ ఉంచాలో తీసేయాలో డబ్బు పూర్తిగా కట్టకముందే చెప్పవచ్చు.